మూడు ఆదివారాల గూఢచారి

కిందింటివాళ్ళ టీవీలో ఈమధ్య ఒక సీరియల్ వచ్చేది. యుద్ధకాలంలో గూఢచారుల కథ. బల్లమీద వేలితో టకటకమని కొట్టే చప్పుడు, వెంటనే ఎవరో గుసగుసగా ఏదో చెప్పడం, ఆ తరవాత చెవులు చిల్లులు పడే సంగీతం. చూపు మందగించాక నేను టీవీ చూడటం మానేశాను గానీ, మెట్లమీదుగా వచ్చే చప్పుడు వినక తప్పదు. ఆ టకటక వినగానే ముక్కులోకి పసుపు ధూళి పోయినట్టయి తుమ్ము వచ్చేది. నిజంగానే వచ్చేది. మా కోడలు జలుబు చేసిందనుకుని కషాయం కాచి పెట్టేది. నాలుగు వారాలయ్యాక సీరియల్ ఆగిపోయింది. ఎవరూ చూడటం లేదట. నాకు నవ్వొచ్చింది. మా గూఢచారుల నాటకం మూడు వారాలకే ఆగిపోయింది. అదీ ఎవరూ చూడక కాదు, జనం మరీ శ్రద్ధగా చూడబట్టి.

అరవై ఆరులో సంగతి. ఆర్మూరు ఆడపిల్లల బడిలో నేను టీచరుగా చేరి ఏడాది కాలేదు. ఇరవై ఒక్కేళ్ళ వయసు. నాన్న పోయాడు. నిజామాబాదులో అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు నా జీతం మీదే బతుకుతున్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఎవరు ఒక్క ఫిర్యాదు రాసినా ఇంటికి పంపేస్తారు. ఈ మాట ముందే చెబుతున్నాను. సాకు కోసం కాదు, నా భయం ఎంత ఉండేదో మీకు తెలియాలని. నేను ఆర్మూరుకు తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో నాలుగు చీరలూ, వాటికింద దాచుకున్న ముప్పై డిటెక్టివ్ నవలలూ ఉండేవి. యుద్ధం అయిపోయి కొన్ని నెలలే అయింది. మా పెద్ద టీచరమ్మ ఒకరోజు నన్ను పిలిచి, "దేశభక్తి నాటకం ఒకటి రాయి, ఊళ్ళో వాళ్ళతో వేయిద్దాం," అంది. ఆవిడ భరతమాతనూ, జెండానూ ఊహించుకుని ఉంటుంది. నేను పది భాగాల గూఢచారి కథ రాసుకొచ్చాను. వారానికో భాగం, ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి. పేరు 'కనబడని సైనికులు'.

ఆదివారమే ఎందుకంటే ఆ రోజు గంజ్‌కు సెలవు. ఆర్మూరులో గంజ్ అంటే పసుపు అమ్మేచోటు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎడ్లబండ్లమీద పసుపు వస్తుంది. వరసగా కుప్పలు పోస్తారు. కొనేవాళ్ళు ఆ కుప్పల మధ్య తిరుగుతూ కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తారు. సీజన్లో ఊరంతా పసుపే. ఆరేసిన బట్టలు పసుపు, ఎడ్ల కొమ్ములు పసుపు, మా పిల్లల పలకలు కూడా పసుపు. గంజ్ నడిమధ్య ఎత్తుగా ఒక అరుగు ఉండేది. మా రంగస్థలం అదే.

వేషాలు కట్టడానికి మగవాళ్ళు కావాలి. మొదట వచ్చినవాడు ఖాజామియా. ఆయన గంజ్‌లో దలాలు, అంటే అమ్మే రైతుకూ కొనే సేఠుకూ మధ్య నిలబడి బేరం కుదిర్చే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గంజ్ ఈ చివర పిలిస్తే ఆ చివర ఎడ్లు చెవులు నిక్కించేవి, అంత గొంతు. ఆయన కూతురు మెహరున్ నా దగ్గర మూడో తరగతి చదివేది. చేరిన కొత్తలోనే ఆయన ఒకసారి బడికొచ్చి ఆ పిల్ల పలక నా బల్లమీద పెట్టాడు.

"గీ పొల్ల అక్షరాలు సూడు పంతులమ్మా. చీమలోలె గింతంత రాస్తది. ఎవలకు భయపడి? జర పెద్దగ రాయమను. దూరంకెల్లి గూడ కనవడాలె."

ఇప్పుడు అదే మనిషి వేషం అడగడానికొచ్చి, నేను నోరు తెరవకముందే, "నాకు మన దిక్కు కెప్టెన్ ఏషం ఇయ్యి. దుష్మన్ ఏషం మాత్రం కట్ట," అన్నాడు. నిజం చెప్పాలంటే నేను ఆయనకు శత్రునాయకుడి వేషమే రాసిపెట్టుకున్నాను. ఎందుకని నన్ను నేను ప్రశ్నించుకోనైనా లేదు. నా మొహం చూసి ఆయన కనిపెట్టేశాడు. కోపం తెచ్చుకోలేదు, నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రికి రాత్రే వేషాలు మార్చి రాశాను. కెప్టెన్‌కు తోడుగా రెండో గూఢచారి వేషం గంజ్‌లో కాంటా తూచే గంగారాంకు ఇచ్చాను.

మొదటి ఆదివారం మా పరువు పోయింది. నేను నవలల్లో చదివినవన్నీ పెట్టాను. బల్లమీద వేలితో టకటక కొట్టి కబురు పంపడం, బూటు మడమలో చీటీ దాచడం. ఆర్మూరు జనంలో బూట్లు వేసుకునేవాళ్ళు ఎందరని! ఖాజామియా తన తోలు చెప్పులోనే చీటీ పెట్టుకుని శత్రువుల బంగళా ముందు గంభీరంగా నిలబడ్డాడు. వెనకనుంచి ఒక హమాలీ, "చెప్పులు బైట ఇడ్వాలె గదా సాబ్! ఎవడన్న తొడుక్కపోతే నీ చీటీ గోవిందా!" అని అరిచాడు. గంజ్ గంజంతా పగలబడి నవ్వింది. మా పెద్ద టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోనెల గుట్ట వెనక్కి పోయి ఏడ్చాను.

మరునాడు బడి వదిలాక ఖాజామియా వచ్చాడు. నేను కాగితాలు చింపేద్దామని చూస్తున్నాను. జేబులోంచి ఐదు పసుపు కొమ్ములు తీసి నా బల్లమీద వేళ్ళలాగా పేర్చాడు.

"గూఢచారుల భాష కోసం బిలాత్ దాక పోతివి. మన గంజ్‌ల లేదా ఏంది?"

రుమాలు కింద జరిగే బేరం గురించి నేను మొదటిసారి అప్పుడే విన్నాను. కొనే సేఠు, దలాలు చెయ్యీ చెయ్యీ కలిపి పైన రుమాలు కప్పుకుంటారు. నోటితో ఒక్క మాట ఉండదు. వేళ్ళు పట్టుకోవడంలోనే ధర మొత్తం నడుస్తుంది. నేను ఆడపిల్లను, చెయ్యి పట్టుకుని చూపించలేడు కదా, అందుకని కొమ్ములు తెచ్చాడు. ఒక కొమ్ము పట్టుకుంటే ఒకటి. రెండు కలిపితే రెండు. ఐదూ గుప్పిట్లోకి తీసుకుంటే ఐదు. కణుపు దగ్గర బొటనవేలితో నొక్కితే సగం. నేను నేర్చుకున్నది పట్టి చూపిస్తుంటే, "మా కొడుకులకన్న జల్ది పట్టినవ్," అని మురిసిపోయాడు.

"మరి పసుపు తెచ్చిన రైతుకు ఈ భాష తెలుసా సాబ్?" అని అడిగాను.

కొమ్ములు ఏరి జేబులో వేసుకున్నాడు. "సొమ్ము గాయనది, భాష మాది," అన్నాడు. ఆ గొంతులో గర్వం లేదు.

రెండో భాగం మొత్తం తిరగరాశాను. పట్టుబడ్డ గంగారాం శత్రువుల కాపలాలో ఉంటాడు. కెప్టెన్ బేరగాడిలా వచ్చి, చెయ్యి కలిపి, రుమాలు కింద వేళ్ళతో రహస్యం రాబట్టుకుంటాడు. శనివారం అరుగు మీద ఆడించి చూసుకున్నాం. నేను జనం కూర్చునే చోటికి వెళ్ళి నిలబడ్డాను. రుమాలు తప్ప ఏమీ కనబడటం లేదు.

"రుమాలు తీసెయ్యండి సాబ్," అన్నాను.

"రుమాలు తీస్తే ఎట్ల పంతులమ్మా? గంజోల్లంత ముంగటనే కూసుంటరు."

"నాటకమంటే కనబడాలి కదా. మీరేగా మెహరున్‌కు చెప్పమన్నారు, దూరం నుంచి కనబడేట్టు రాయమని."

ఆయన మాట ఆయనకే అప్పజెప్పానని నాకు మహా సంబరం. ఆయన గంగారాం వైపు చూశాడు, రుమాలు చేతిలో తిప్పాడు, చివరికి భుజాన వేసుకున్నాడు. "రాసినదానివి నువ్వు. నువ్వు చెప్పినట్లే," అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. నేను టీచర్ని. దేన్నైనా పాఠంలా చెబితే తప్ప నాకు తోచదు. ఆయన ఒక్కో వేలు పట్టుకున్నప్పుడల్లా గంగారాం జనం వైపు తిరిగి పైకి చెప్పేటట్టు రాశాను: "రెండు వేళ్ళు! అంటే రెండు రైళ్ళు! కణుపు నొక్కాడు, అంటే ఇంకో సగం రైలు!" సగం రైలేమిటని అప్పుడు నాకు అనుమానం రాలేదు. ఆదివారం జనం ముందు కాసేపు నోరు తెరుచుకుని చూశారు. తరవాత వాళ్ళూ అందుకున్నారు. ఖాజామియా మూడు వేళ్ళు పట్టుకోగానే గంజంతా "మూడు!" అని అరిచింది. కణుపు నొక్కగానే "మూడున్నర!" అని మారుమోగింది. నా క్లాసులో ఎక్కాలు కూడా ఎన్నడూ అంత గట్టిగా చెప్పలేదు పిల్లలు. ముందు వరసలో దొంకేశ్వర్ నుంచి వచ్చిన రైతు నర్సవ్వ, యాభై ఏళ్ళ మనిషి, తన ఎడమచేతి వేళ్ళు కుడిచేత్తో పట్టుకుని ఒక్కొక్కటే మళ్ళీ మళ్ళీ చూసుకుంటోంది. ఆమె ఒక్కతే నవ్వలేదు. ఆ సాయంత్రం నా అంత గొప్ప రచయిత్రి నిజామాబాదు జిల్లాలో లేదనుకుని నిద్రపోయాను.

సోమవారం గంజ్ తెరిచారు. నర్సవ్వ కుప్ప దగ్గర బేరం జరుగుతోంది. కొనేది లింబాద్రి సేఠు, గంజ్‌లో పెద్ద దుకాణం ఆయనదే. దలాలు వేరే అతను. చేతులు విడిపోయాక దలాలు నర్సవ్వకు ధర చెప్పాడు. నర్సవ్వ అప్పటికే వంగి కిందనుంచి అంతా చూసేసింది. రుమాలు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"మూడు వేళ్లు పట్టి కణుపు నొక్కిండు! మూడున్నర గాదా? నాకు మూడే అని చెప్తవేంది?"

మంగళవారానికి గంజ్‌లో ఏ రుమాలూ చేతిమీద నిలవలేదు. రైతులు ఒంగి చూసేవాళ్ళు, ఎత్తి చూసేవాళ్ళు, తమ చెయ్యి కూడా లోపల పెడతామనేవాళ్ళు. దలాళ్ళందరూ ధర తగ్గించి చెప్పి తేడా మింగేవాళ్ళే అని కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఇక ఎవరి మాటా ఎవరూ నమ్మలేదు.

బుధవారం లింబాద్రి సేఠు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ఖాజామియాను పిలిపించారు. పెద్ద టీచరమ్మ గదిలో నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చేతిలో సుద్దముక్క ఉంది.

"రుమాలు తియ్యమని చెప్పిందెవలు?" అన్నాడు సేఠు. "గది తెల్వాలె నాకు. పంతులమ్మనా? అయితే ఇయ్యాల్నే పై ఆఫీసర్లకు కాయితం రాస్త. బడిల పాఠాలు చెప్పమంటే గంజ్‌ల లొల్లి పెడ్తదా?"

పెద్ద టీచరమ్మ నావైపు చూసింది. నేను నోరు తెరవాలి. తెరవాలనే అనుకున్నాను. అమ్మ గుర్తొచ్చింది, తమ్ముళ్ళు గుర్తొచ్చారు. చేతిలో సుద్దముక్కను నలుపుతూ ఉండిపోయాను.

"నేనే తీసిన," అన్నాడు ఖాజామియా. "పంతులమ్మ కప్పే ఉంచుమన్నది. నేనే ఇనలె. నలుగురు నన్నే సూడాలనే పిచ్చి పట్టింది సేఠ్. ముసలితనంల నాటకం పిచ్చి."

నా నవలల్లో గూఢచారులు పట్టుబడితే తోటివాళ్ళ పేర్లు చెప్పరు. ఆ ఘట్టాలు చదివి ఎన్నిసార్లు ఒళ్ళు గగుర్పొడిచిందో. నా ఎదురుగా నిజంగా జరుగుతుంటే నేను నేలమీద రాలిన సుద్దపొడి చూస్తూ నిలబడ్డాను. ఆయన నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని తెలుసు ఆయనకు.

సేఠు ఒక షరతు పెట్టాడు. వచ్చే ఆదివారం నాటకంలో ఖాజామియా అరుగెక్కి, పోయిన వారం చూపించిన వేళ్ళ గుర్తులన్నీ ఉత్తవే, నాటకానికని కల్పించినవే, అసలు గంజ్ భాష వేరు అని చెప్పాలి. చెబితే ఆయన దలాలీ ఆయనకుంటుంది. చెప్పకపోతే గంజ్‌లో ఎవరూ ఆయన చెయ్యి పట్టరు. ఖాజామియా తలూపాడు. హమ్మయ్య అనుకున్నాను. ఒక చిన్న అబద్ధంతో అందరం గట్టెక్కుతాం.

మూడో ఆదివారం జనం రెట్టింపు వచ్చారు. భీమ్‌గల్, ధర్పల్లి నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఖాజామియా కెప్టెన్ వేషం కట్టలేదు, రోజూ గంజ్‌కు వచ్చే బట్టల్లోనే అరుగెక్కాడు. ముందు వరసలో ఒక పక్క సేఠులు కూర్చున్నారు. రెండో పక్క నర్సవ్వ ఉంది. మెహరున్ తన తల్లి ఒళ్ళో కూర్చుని తండ్రిని చూస్తోంది. ఆయన నోరు తెరిచి, మూసి, నర్సవ్వ వైపు చూశాడు.

"పోయిన వారం మీరు సూసిన వేళ్లు," అన్నాడు. గంజ్ ఆ చివర వరకూ వినబడింది. "గవి నాటకం వేళ్లు కావు. గంజ్ వేళ్లే. ముప్పయ్యేండ్లు నేను గూడ గట్లనే పట్టిన."

భుజం మీది రుమాలు తీసి మడిచి, కింద కూర్చున్న లింబాద్రి సేఠు చేతికిచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాటకం అక్కడే ఆగిపోయింది. మిగిలిన ఏడు భాగాలూ నా ట్రంకు పెట్టెలోనే చెదలు పట్టాయి.

తరవాత ఆయన చెయ్యి గంజ్‌లో ఎవరూ పట్టుకోలేదు. గంజ్ గేటు బయట కూర్చుని దబ్బనంతో గోనెసంచులు కుట్టడం మొదలుపెట్టాడు. నేను బడికి పోయే దారి అదే. వారం రోజులు చుట్టూ తిరిగి వేరే దారిన పోయాను. ఎనిమిదో రోజు సిగ్గు చంపుకుని ఎదురుగా నిలబడ్డాను.

"సాబ్, నేను పోయి సేఠుకు నిజం చెప్పేస్తాను."

"చెప్పి?" అన్నాడు తల ఎత్తకుండా. "నీ నౌకరి పోతది. నా దలాలీ అయితే తిరిగి రాదు. ఇద్దరం కూసోని కుడదామా గోనెలు? ఇంకో దబ్బనం తెప్పిస్త."

నాకు ఏడుపు వచ్చింది. "ఆదివారం ఆ ఒక్క మాట అనేస్తే పోయేది కదా సాబ్. నాకోసం అబద్ధం చెప్పారు కదా, మీకోసం ఎందుకు చెప్పలేదు?"

"వారానికి ఒక్క అబద్ధం చాలు పంతులమ్మా," అన్నాడు. దారం తెంపి, సంచి దులిపి పక్కన పెట్టాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు. నువ్వు మస్తు మంచిగ చెప్పినవ్. పుట్టినప్పటిసంది గంజ్‌ల తిరిగినోల్లకు తెల్వనిది ఒక్క పూటల సమజైంది. పిల్లలకు గూడ గట్లనే తెరిచి చెప్పు. బస్."

ఆ ఏడాది చివర నా ఉద్యోగం ఖాయమైంది. మెహరున్ నా దగ్గరే ఐదో తరగతి వరకు చదివింది. పెద్ద పెద్ద అక్షరాలు రాసేది. ఆరో తరగతికి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగాను. వాళ్ళమ్మ కూతురి వైపు చెయ్యి చూపించింది. మెహరున్ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తరవాత నాకు బదిలీ అయింది. ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. లెక్క ఎలా వచ్చిందో చూపించకుండా జవాబు ఒక్కటే చెప్పడం నా చేత కాలేదు. పిల్లలు నన్ను మంచి టీచరన్నారు. ఆ మంచి ఎక్కడ నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాలి.

పోయిన నెల మెహరున్ మా ఇంటికి వచ్చింది. ఆమెకూ డెబ్బై దగ్గర పడుతున్నాయి. మనవరాలి పెళ్ళి పిలుపుకు వచ్చింది. టీ తాగుతూ పాత సంగతులు చెప్పుకున్నాం. తండ్రి మాట వచ్చేసరికి ఆమె మొహం మారింది.

"అబ్బాకు నాటకం పిచ్చి టీచర్. గా పిచ్చితోనే మా ఇల్లు ఆగమైంది. అమ్మీ సచ్చేదాక తిట్టింది. ఆఖరి దినాల్ల నేను గూడ ఆయనతోని సక్కగ మాట్లాడలె."

ఆయన ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. భార్యకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. ఇంతకాలమూ నేను, కనీసం ఇంట్లోవాళ్ళకు తెలిసే ఉంటుందిలే అని ధైర్యం చెప్పుకుంటూ బతికాను. కప్పు కింద పెట్టి, ఆ శనివారం దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. రుమాలు తియ్యమన్నదీ, పెద్ద టీచరమ్మ గదిలో నోరు మూసుకున్నదీ, గోనెల దగ్గర ఆయన అన్నదీ, ఏదీ వదల్లేదు.

మెహరున్ తన టీ కప్పు పక్కకు జరిపింది.

"గప్పుడే ఎందుకు చెప్పలేదు టీచర్?"

"భయపడ్డాను."

"మరి గీ అరవై ఏండ్లు?"

ఫరవాలేదని ఆమె అనలేదు. అంటుందని నేనూ ఆశపడలేదు. పెళ్ళి కార్డు బల్లమీద పెట్టి లేచింది. గుమ్మం దగ్గర ఆగి చెప్పులేసుకుంటూ అంది: "రాసియ్యుండ్రి టీచర్. తెలుగుల రాయుండ్రి, పెద్ద అక్షరాలతోని. మా ఇంట్ల అందరు సదువుతరు. నేను గూడ సదువుత. ఐదో తరగతి దాక మీరే చెప్పిండ్రు గదా."

చూపు సరిగా ఆనకపోయినా నా చేత్తోనే రాశాను. ఏ పత్రికవాళ్ళు వేసుకున్నా, వేసుకోకపోయినా మొదటి ప్రతి నీదే మెహరున్. మీ అబ్బాకు నాటకం పిచ్చి లేదు. రుమాలు తియ్యమన్నది నేను. ఆయన నా పేరు చెప్పలేదు.